ఫోను ఎవరి పేరున ఉంది?

(అనకాపల్లిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం విని కొందరు నవ్వుకున్నారు. హింస గురించి, ఆస్తి హక్కు గురించి, కూలిరేట్ల గురించి మాట్లాడుకునే చోట ఫోను ఖర్చు తగ్గించుకోవడం మీద ప్రసంగమేమిటి అన్నారు. చవక కంపెనీకి మారడం బజారు బేరమే కదా, ఇందులో హక్కుల మాట ఎక్కడుంది అన్నారు.

బేరం ఎవరు ఆడగలరన్న దగ్గరే హక్కు సంగతి తేలుతుంది. కూరగాయల దగ్గర బేరం మనమే ఆడతాం. పొలం అమ్మేటప్పుడు, కొనేటప్పుడు మనల్ని అడిగేవాళ్లు లేరు. ఎందుకంటే కూరగాయలకు పట్టా అక్కర్లేదు, పొలానికి కావాలి. ఆ పట్టా మీద మన పేరు లేదు. మరి ఫోను ఈ రెండింటిలో ఎటు చేరింది? చేతిలో ఉంది కాబట్టి మనదే అనుకుంటున్నాం. కంపెనీ పుస్తకంలో ఎవరి పేరుందో ఎప్పుడైనా చూశామా? ఈ ఒక్క ప్రశ్న మీదే నేను మాట్లాడతాను.

2024 జూలై మొదటి వారం గుర్తు చేసుకోండి. 3వ తేదీన జియో, ఎయిర్‌టెల్, 4న వొడాఫోన్ ఐడియా రేట్లు పెంచాయి. రెండు కంపెనీల్లో 28 రోజులకు 179 రూపాయలున్న రీచార్జి 199 అయింది. బి.ఎస్.ఎన్.ఎల్. మాత్రం పెంచలేదు. ఆ నెలలో బి.ఎస్.ఎన్.ఎల్. చందాదారులు దేశం మొత్తం మీద సుమారు 29 లక్షలు పెరిగారని ట్రాయ్ లెక్కలు చెప్పాయి. మిగతా మూడు కంపెనీలకూ తగ్గారు. అదే ఏడాది నవంబరు వచ్చేసరికి బి.ఎస్.ఎన్.ఎల్.కూ తగ్గుదల మొదలైంది. చవకని వెళ్లినవాళ్లలో సిగ్నలు అందక తిరిగొచ్చినవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు.

ఈ రాకపోకల్లో ఆడవాళ్లు తామే తేల్చుకుని మారినవాళ్లు ఎందరు? ట్రాయ్ ప్రతి నెలా ఇచ్చే లెక్కల్లో కంపెనీలవారీ పట్టిక ఉంటుంది, రాష్ట్రాలవారీ పట్టిక ఉంటుంది, పల్లె పట్నం తేడా ఉంటుంది. ఆడ, మగ అన్న గడి లేదు. జనాభా లెక్కల్లో, ఓటర్ల జాబితాలో ఉన్న గడి ఇక్కడ ఎందుకు లేదని అడిగినవాళ్లూ తక్కువే.

కాస్త వెనక్కి వెళ్దాం. ఇంటికి ఫోను కావాలంటే టెలిఫోను శాఖ దగ్గర పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసిన రోజులు మనలో పెద్దవాళ్లకు గుర్తే. డిపాజిట్టు ఎక్కువ కట్టగలిగితే 'ఓన్ యువర్ టెలిఫోన్' పథకం కింద కొంచెం ముందు వచ్చేది. రేటు ఎక్కువని మారడానికి ఇంకో కంపెనీ లేదు. డైరెక్టరీలో ఇంటి యజమాని పేరే ఉండేది. ఇల్లాలు ఆ ఫోను తుడిచేది, గుడ్డ కప్పేది, మోగితే తీసి "ఆయన లేరండీ" అని చెప్పేది.

తర్వాత ఎస్.టి.డి. బూతులు వచ్చాయి. చేతిలో డబ్బులుంటే ఎవరి పేరూ అక్కర్లేకుండా మాట్లాడే చోటు అది. మంచిదే. కానీ అప్పట్లో చవక రేటు ఎప్పుడు? రాత్రి బాగా పొద్దుపోయాక పావు రేటు. ఆ వేళకు బూతు ముందు వరుసలో నిలబడింది ఎవరు? మగవాళ్లు. అమ్మతో నాలుగు మాటలు మాట్లాడాలనుకున్న కోడలు పట్టపగలు నిండు రేటు కట్టింది, లేదా మాట్లాడటం మానేసింది. చవక అందరికీ ఒక్కలా అందదని అప్పుడే చూశాం.

ఇంటి ఫోనుకు మన రాష్ట్రంలోనే మరో చవక దారి వచ్చింది. ఏ.పి. ఫైబర్‌నెట్. కరెంటు స్తంభాల మీదుగా సుమారు 24 వేల కిలోమీటర్ల తీగ లాగి, నెలకు 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్, ఫోను మూడూ ఇస్తామన్నారు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని జాతికి అంకితం చేశారు. ప్రైవేటు బిల్లులతో పోలిస్తే అది పెద్ద తగ్గింపే. అయితే ఆ ఫోను టీవీ పక్కన ఉంటుంది. టీవీ పక్కన ఇంటిల్లిపాదీ ఉంటారు. పుట్టింటికి ఫోను చేసి మనసులో మాట చెప్పుకోవడానికి అది పనికొచ్చిందా లేదా అన్నది ఆ ఇంట్లో ఆమెకే తెలియాలి.

ఇక సెల్ ఫోను. 1995 జూలై 31న దేశంలో మొదటి సెల్ ఫోను మాట కలిసినప్పుడు అది డబ్బున్నవాళ్ల వస్తువు. ఫోను వచ్చినా డబ్బే, చేసినా డబ్బే. 2003లో వచ్చే ఫోనుకు డబ్బు తీసేశారు. అప్పుడు పేద ఇంటి ఆడవాళ్ల చేతికి సెల్ వచ్చింది. మిస్డ్ కాల్ ఇచ్చి, తిరిగి చేస్తే మాట్లాడుకునేవాళ్లం. నెలకు పది రూపాయలతో గడిపినవాళ్లున్నారు. 2018 చివర్లో కంపెనీలు కనీస రీచార్జి పద్ధతి పెట్టాయి. ఫోను రావాలన్నా నెలనెలా కట్టాల్సిందే అయింది. దీనివల్ల ఎక్కువ దెబ్బతిన్నది వచ్చే ఫోనుల మీదే బతికిన ముసలమ్మలూ, ఒంటరి ఆడవాళ్లూ, కూలి తల్లులూ. పత్రికల్లో దీన్ని కంపెనీల లాభనష్టాల వార్తగానే రాశారు. ఇది ఆడవాళ్ల వార్త కూడా.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో తాము స్వయంగా వాడుకునే సెల్ ఫోను ఉన్నవాళ్లు 48.9 శాతం. దేశం మొత్తం మీద 54 శాతం. సగానికి సగం మందికి ఫోనే లేదు. అదే సర్వేలో మన రాష్ట్రంలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన మగవాళ్లు 48.8 శాతం అయితే, ఆడవాళ్లు 21 శాతం. పైగా సర్వే అడిగింది 'వాడుకునే' ఫోను గురించి. ఆ ఫోను ఎవరి పేరున ఉందో అడగలేదు. అది అడిగితే అంకె ఇంకా కిందికి దిగుతుందని ఊళ్లు తిరిగే మీకు నేను చెప్పనక్కర్లేదు.

పేరు మీద ఇంత పట్టుదల ఎందుకంటారేమో. చట్టం మనకు ఒక మంచి హక్కు ఇచ్చింది, దాన్ని పేరుకు కట్టింది కాబట్టి.

నెంబరు మార్చకుండా కంపెనీ మార్చుకునే హక్కు 2010 నవంబరు 25న హర్యానాలో మొదలైంది. 2011 జనవరి 20 నుంచి దేశమంతా అమలైంది. 2015 జూలై 3 నుంచి ఒక రాష్ట్రం నెంబరుతో ఇంకో రాష్ట్రంలోనూ మారవచ్చు. ఫోనుల లెక్కలో ఆంధ్ర, తెలంగాణ ఇప్పటికీ ఒకటే సర్కిల్. కాబట్టి హైదరాబాదులో తీసుకున్న నెంబరును అనకాపల్లిలో మార్చుకోవడానికి ఇబ్బంది లేదు. ఇదంతా సెల్ నెంబరుకే. పాత పద్ధతి ల్యాండ్‌లైన్ నెంబరుకు ఈ సదుపాయం లేదు, కంపెనీ మారితే నెంబరూ మారుతుంది.

ఈ హక్కు ఎంత విలువైనదో ఆలోచించండి. ఇవాళ నెంబరంటే మాట్లాడుకోవడానికి మాత్రమే కాదు. బ్యాంకు ఖాతా దానితో ముడిపడింది, ఆధార్ ముడిపడింది, గ్యాసు బండ బుకింగు ముడిపడింది. డబ్బు తీసినా వేసినా సమాచారం ఆ నెంబరుకే వస్తుంది. ఓ.టి.పి. దానికే వస్తుంది. అచ్యుతాపురం సెజ్‌లో కుట్టుపనికి వెళ్లే వేలమంది ఆడపిల్లలకు జీతం బ్యాంకులో పడుతుంది. జీతం పడిందన్న కబురు ముందు ఎవరి జేబులో మోగుతుంది? సిమ్ము తండ్రిదైతే తండ్రి జేబులో, అన్నదైతే అన్న జేబులో. కష్టం పిల్లది, కబురు ఇంకొకరికి.

కంపెనీ మార్చమని అడిగే హక్కు నిబంధనల ప్రకారం చందాదారుది. చందాదారు అంటే ఫోను చేతిలో ఉన్న మనిషి కాదు, కంపెనీ పుస్తకాల్లో పేరున్న మనిషి. పదేళ్లుగా ఆ నెంబరు వాడుతున్నా, రీచార్జి డబ్బులు నీ కూలిలోంచే కట్టినా, పేరు మొగుడిదైతే మార్చుకునే హక్కు మొగుడిదే. ఆయన పేరున్న సిమ్ము పోయిందని చెప్పి నకలు సిమ్ము తీసుకోగలిగేదీ ఆయనే. కనెక్షను ఆపేయమని రాసివ్వగలిగేదీ ఆయనే. కలిసున్నంత కాలం ఇది కనిపించదు. గొడవ వచ్చిన రోజున కనిపిస్తుంది. ఇల్లు వదిలి వచ్చిన ఆడమనిషి రెండు చీరలూ ఫోనూ పట్టుకొస్తుంది. మర్నాటికి ఆ ఫోను మూగబోతుంది. బ్యాంకులో ఉన్న నాలుగు వేలూ తీసుకుందామంటే ఓ.టి.పి. పాత ఇంటికి వెళ్తుంది. ఇలాంటి కేసు చూడని కార్యకర్త ఈ హాల్లో ఉన్నారా?

గొడవలు లేని ఇళ్లలోనూ నష్టం ఉంది. మన జిల్లాలో కొండ వైపు ఊళ్లలో ఒక కంపెనీ సిగ్నలు ఉంటే ఇంకోది ఉండదు. మొగుడు పట్నంలో పనిచేస్తాడు. అక్కడ బాగా పనిచేసే చవక కంపెనీకి ఇంటి సిమ్ములన్నీ ఒకేసారి మార్పించేస్తాడు. నెలకు యాభై మిగిలిందని సంతోషం. ఊళ్లో ఇల్లాలు ఓ.టి.పి. కోసం గట్టెక్కి నిలబడాలి. సంఘం అప్పు వాయిదా కబురు అందదు. "నాకేటి తెలుస్తాదమ్మా, ఆరే మార్పించీసినారు" అంటుంది. అతను చెడ్డవాడు కాదు, అడగాలని తోచలేదంతే. పేరు ఆమెదైతే అడగక తప్పేది కాదు.

భర్త చనిపోయిన ఇళ్ల సంగతి వేరే చెప్పాలి. నెంబరు ఆయన పేరునే నడుస్తుంటుంది. రీచార్జి ఆగి, వాడకం లేక 90 రోజులు గడిస్తే కంపెనీ నెంబరు తీసేయవచ్చు. కొంతకాలానికి ఆ నెంబరు ఇంకెవరికో ఇస్తారు. బ్యాంకులో మాత్రం ఆ నెంబరే ఉంటుంది. ప్రీపెయిడ్ నెంబరులో 20 రూపాయలు నిలవ ఉంటే ఇంకా నిలుపుకునే వీలుందని ట్రాయ్ 2013లోనే నియమం పెట్టింది. ఈ మాట ఎంతమంది వితంతువులకు ఎవరు చెప్పారు?

"ఒకే కుటుంబంలో నీ పేరు, నా పేరు ఏమిటి?" అని కొందరు అడుగుతారు. పొలం పట్టా గురించి అడిగినప్పుడూ, ఇంటి పట్టా గురించి అడిగినప్పుడూ ఇదే మాట విన్నాం. ఒకే కుటుంబమైతే ఎప్పుడూ ఒకరి పేరే ఎందుకుండాలి? ఇది మొగుళ్ల మీద అనుమానం నేర్పడం కాదు. రేషను కార్డులో మన పేరున్నందుకు ఏ కాపురమూ కూలిపోలేదు.

ఇప్పుడు పని సంగతి. ఊళ్లలో ఆడవాళ్లకు మనం ఏం చెప్పాలో వరుసగా చెబుతాను. రాసుకునేవాళ్లు రాసుకోండి.

మొదటిది, ముందు పేరు, తర్వాత కంపెనీ. పేరు మార్పు నడుస్తుండగా కంపెనీ మార్పు అడిగితే తిరస్కరిస్తారు. కాబట్టి ఇద్దరూ గుర్తింపు కార్డులతో పాత కంపెనీ అసలు కేంద్రానికి వెళ్లి నెంబరు ఆమె పేరుకు రాయించాలి. భర్త చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రం తీసుకెళ్లాలి. ఆధార్ లేకపోతే కుదరదని దుకాణంలో అంటే ఒప్పుకోనక్కర్లేదు. సిమ్ముకు ఆధార్ తప్పనిసరి చేయడం చెల్లదని 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు తేల్చింది. ఓటరు కార్డు లాంటి వేరే గుర్తింపూ చూపవచ్చు.

రెండవది, అడిగే పద్ధతి. ఇంగ్లీషులో పోర్ట్ అని టైపు చేసి, ఒక ఖాళీ వదిలి, పది అంకెల నెంబరు వేసి 1900కు మెసేజి పంపాలి. ఎనిమిది అక్షరాలూ అంకెలూ కలిసిన సంకేతం వస్తుంది. మన రాష్ట్రంలో అది నాలుగు రోజులు చెల్లుతుంది. దానితో కొత్త కంపెనీ దగ్గరికి వెళ్తే అదే సర్కిల్లో మూడు పనిదినాల్లో మారుస్తారు. పాత కంపెనీలో 90 రోజులు నిండి ఉండాలి. పోస్ట్‌పెయిడ్ బిల్లు బాకీ ఉండకూడదు. సిమ్ము కొత్తగా మార్చి ఉంటే ఏడు రోజులు ఆగాలని 2024 జూలై 1 నుంచి నియమం వచ్చింది. దొంగతనంగా నెంబరు లాక్కోకుండా పెట్టిన అడ్డు అది. ప్రీపెయిడ్‌లో మిగిలిన డబ్బు కొత్త కంపెనీకి రాదు, కాబట్టి గడువు చివర్లో మారడం మేలు. ఆ సంకేతాన్ని ఫోనులో అడిగిన ఎవరికీ చెప్పకూడదు. అది చెప్పడమంటే నెంబరు చేతిలో పెట్టడమే.

దుకాణంలో ఇంకో జాగ్రత్త. "పాతది వదిలీ అమ్మా, కొత్త సిమ్ముకి మంచి ఆఫరుంది" అంటారు. అది కంపెనీ మారడం కాదు, నెంబరు పోగొట్టుకోవడం. బ్యాంకు, ఆధార్, గ్యాసు అన్నీ మళ్లీ తిరగాలి. కూలి పోగొట్టుకుని ఆ తిరుగుడు తిరిగేది మనమే.

మూడవది, చవకను మనమే లెక్కగట్టుకోవాలి. 28 రోజుల రీచార్జి అంటే ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు. 199 రూపాయల చొప్పున పదమూడుసార్లు కడితే 2,587. నెల పేరు చెప్పి పదమూడో నెల అమ్ముతున్నారన్నమాట. ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల రీచార్జి ఉంచాలని ట్రాయ్ 2022 జనవరిలో చెప్పింది. ఇంటర్నెట్ అక్కర్లేనివాళ్లకు మాటలకూ మెసేజిలకూ మాత్రమే రీచార్జి ఇవ్వాలని 2024 డిసెంబరులో ఆదేశించింది. 2025 జనవరిలో కంపెనీలు అలాంటివి 84 రోజులకు సుమారు 450, 470 రూపాయలకు పెట్టాయి. మామూలు ఫోను వాడే ముసలమ్మ ఇంటర్నెట్‌కు డబ్బు ఎందుకు కట్టాలి? దుకాణాల్లో ఈ రీచార్జిలు అడిగితేనే గానీ చెప్పరు. అడగడం మనం నేర్పాలి. రేటుతో పాటు సిగ్నలూ చూడాలి. పట్నంలో కాదు, ఆమె వంటింట్లో, ఆమె పనిచేసే పొలంలో. ఆ కంపెనీ వాడే పక్కింటి వదిన ఫోను ఒకపూట చూస్తే తెలిసిపోతుంది. బి.ఎస్.ఎన్.ఎల్. కూడా 2025 సెప్టెంబరులో స్వదేశీ 4జీ ప్రారంభించింది. మన ఊరికి అందిందా లేదా అన్నది ఊళ్లోనే చూసుకోవాలి.

నాలుగవది, మన పేరున ఎన్ని సిమ్ములున్నాయో చూసుకోవడం. ఒక మనిషి పేరున తొమ్మిదికి మించి ఉండకూడదు. మన పేరున ఎవరెవరు తీసుకున్నారో చూపే ఏర్పాటు 2021లో మొదట తెలుగు రాష్ట్రాల్లోనే వచ్చింది. ఇప్పుడు సంచార్ సాథీలో ఉంది. సంఘాల అప్పులకోసం ఆధార్ నకళ్లు ఎన్ని చోట్ల ఇచ్చామో మనకు తెలుసు. మన సిమ్ము మొగుడి పేరున ఉండి, మన పేరున ముక్కూమొహం తెలియనివాళ్ల సిమ్ములుండటం ఎంత అన్యాయం!

ఐదవది, హింస కేసులు. ఫోను లాక్కోవడం, సిమ్ము ఆపించడం చిన్న విషయంగా రాసి వదిలేయకండి. 2005 గృహహింస చట్టం మూడవ సెక్షన్‌లో ఆర్థిక హింసకు అర్థం చెప్పారు. కుటుంబ సంబంధం వల్ల ఆమె వాడుకోవడానికి హక్కున్న వనరులనూ సదుపాయాలనూ అందకుండా చేయడం అందులో ఉంది. రక్షణాధికారికి ఇచ్చే ఫిర్యాదులో ఫోను సంగతి వేరే పేరాగా రాయండి. బయటికి వచ్చిన ఆడమనిషికి మొదటి రోజునే ఆమె పేరున సిమ్ము ఇప్పించి, బ్యాంకులో నెంబరు మార్పించండి. ఆశ్రయం, వైద్యం తర్వాత చేయాల్సిన మొదటి పని ఇదే.

ఇవి మనం చేసుకునేవి. అడగాల్సినవీ ఉన్నాయి. పేరు మార్పు మండల కేంద్రంలోనే, డబ్బు లేకుండా, ఒక్క రోజులో జరగాలి. దానికోసం విశాఖపట్నం దాకా తిరగాల్సిన పరిస్థితి ఏ ఆడమనిషికీ రాకూడదు. మాటల రీచార్జి ధరలు ప్రతి దుకాణం ముందు తెలుగులో రాసిపెట్టాలి. ట్రాయ్ లెక్కల్లో ఆడ, మగ గడి రావాలి. కొండ ఊళ్లకు సిగ్నలు లాభం చూసి కాక, అవసరం చూసి ఇవ్వాలి. మూడు నాలుగు కంపెనీలే మిగిలిన బజారులో 'నచ్చకపోతే మారిపో' అనడం ఒక్కటే వినియోగదారుకు రక్షణ కాదు. ఒకే వారంలో మూడూ పెంచితే ఎక్కడికి మారతాం?

ఒకప్పుడు సంఘాల్లో చేరిన ఆడవాళ్లు వేలిముద్ర మాని సంతకం నేర్చుకున్నారు. అక్షరం కోసమే కాదు, కాగితం మీద తమ పేరు తాము చూసుకోవడం కోసం. ఇవాళ ఆ కాగితం కంపెనీ కంప్యూటరులో ఉంది. అక్కడా మన పేరు ఉండాలి.

మీ మీ గ్రామాలకు వెళ్లాక సంఘం పుస్తకంలో ఒక కొత్త గడి గీయండి. పైన రాయండి: ఫోను ఎవరి పేరున ఉంది? ప్రతి సభ్యురాలినీ అడిగి నింపండి. వచ్చే సమావేశానికి ఆ పుస్తకాలతో రండి. ఆ లెక్క పట్టుకునే మనం కంపెనీల దగ్గరికీ, కలెక్టరు ఆఫీసుకూ వెళ్దాం.

సెలవు.